స్టూడెంట్ మ్యూజిక్ వీడియోకి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ పేచీ పెడుతుంది

కోర్స్‌వర్క్ కోసం మూడు నాలుగు నిమిషాల మ్యూజిక్ వీడియో తీయాల్సిన విద్యార్థులు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాట వచ్చేసరికి ముందు డబ్బు దగ్గరే ఆగిపోతారు. ఆ ఒక్క విషయంలో డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌కి వంక పెట్టడానికి లేదు. వీడియో మీద ముద్ర వేయదు, నెల రోజుల గడువు పెట్టదు, 3840×2160 సైజు దాకా, సెకనుకి 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేసుకోనిస్తుంది. డావిన్చీ మొదట్లో సినిమా, టీవీ వాళ్లు రంగులు దిద్దుకునే యంత్రం. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొన్నాక ఒక్కొక్కటే వచ్చి చేరాయి: 2017లో 14వ వెర్షన్‌తో ఫెయిర్‌లైట్ ఆడియో, 2018లో 15తో ఫ్యూజన్ ఎఫెక్ట్స్, 2019లో 16తో కట్ పేజీ (రిజాల్వ్‌లో ఒక్కో పనికి విడిగా ఉండే తెరని పేజీ అంటారు). ఇప్పుడు పాటని లోపలికి తెచ్చుకోవడం దగ్గర్నుంచి చివరి ఫైల్ దాకా అంతా ఒకే చోట అయిపోతుంది.

ఇంత ఉన్నా, దీనితో దెబ్బ తినే విద్యార్థి బృందాలు తక్కువేం కాదు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: షూటింగ్ అంతా అయ్యాక, ఫోన్ నిండా క్లిప్పులు పెట్టుకుని మొదటిసారి రిజాల్వ్ తెరుస్తారు. ఈ సాఫ్ట్‌వేర్ కొన్ని సంగతులు మొదటి నిమిషంలోనే తేల్చమంటుంది, తర్వాత మార్చుకోనివ్వదు. అందుకని ప్రాజెక్ట్ ఎడిటింగ్ రోజున కాదు, ప్లానింగ్ రోజునే తెరవాలి. మిగతా రివ్యూ అంతా ఆ లెక్కలోనే చదువుకోండి.

ప్లానింగ్‌కి రిజాల్వ్‌లో విడిగా ఏ పేజీ లేదు. స్టోరీబోర్డ్, షాట్ లిస్ట్, కాల్ షీట్, రిస్క్ అసెస్‌మెంట్, పాట వాడుకోవడానికి హక్కుదారుకి రాసిన అనుమతి లేఖ, ఇవన్నీ బయటే తయారు చేసుకోవాలి. కానీ ఒక్క పని మాత్రం ఇందులో అద్భుతంగా కుదురుతుంది. అది యానిమాటిక్, అంటే స్టోరీబోర్డ్ బొమ్మల్ని పాట మీద వరసగా పేర్చి చూసుకోవడం. పాటని వేవ్ ఫైల్‌గా, 48 కిలోహెర్ట్జ్‌లో తెచ్చుకుని మొదటి ఆడియో ట్రాక్ మీద పెట్టి, ట్రాక్ తలకట్టు మీదున్న తాళం గుర్తు నొక్కేయండి. ఇక పొరపాటున కూడా అది కదలదు. తర్వాత పాట ప్లే చేస్తూ ప్రతి నాలుగో బీట్ మీద 'ఎం' కీ కొడుతూ పోతే మార్కర్లు పడతాయి. పల్లవికి ఒక రంగు, చరణానికి ఒకటి, ఇంటర్లూడ్‌కి ఇంకొకటి ఇచ్చుకుంటే పాట అమరిక మొత్తం ఒక్క చూపులో తెలిసిపోతుంది.

షాట్లు ఎన్ని కావాలో ఇక్కడే లెక్క తేలుతుంది. నిమిషానికి 120 బీట్ల పాట మూడున్నర నిమిషాలుంటే మొత్తం 420 బీట్లు. నాలుగు బీట్లకోసారి కట్ చేస్తే 105 షాట్లు కావాలి. స్టోరీబోర్డ్‌లో ముప్పై గళ్లు నింపేసి పని అయిపోయిందనుకున్న బృందానికి రెండో చరణం దగ్గర కొరత ఎందుకొస్తుందో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది. టైమ్‌లైన్ మీద పడే స్టిల్ ఫొటో నిడివి మామూలుగా 5 సెకన్లు ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో యూజర్ ట్యాబ్, దాంట్లో ఎడిటింగ్ విభాగంలోకి వెళ్లి దాన్ని 2 సెకన్లు చేస్తే 120 బీట్ల పాటలో ఒక్కో బొమ్మ సరిగ్గా నాలుగు బీట్లకి సరిపోతుంది. బొమ్మలు ఎంత పిచ్చిగీతలైనా పర్లేదు. ఏ బొమ్మ దగ్గర కళ్లు విసుగెత్తుతున్నాయో, ఏ చోట ఖాళీ ఉందో షూటింగ్‌కి ముందే బయటపడుతుంది. మార్కులేసే వాళ్లకి చూపించడానికి ప్లానింగ్ రుజువుగా కూడా ఇంతకన్నా మంచిది ఉండదు.

ఇక మొండితనం సంగతి. ప్రాజెక్ట్‌లోకి మొదటి క్లిప్ రాగానే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌కి తాళం పడిపోతుంది. క్లిప్ ఫ్రేమ్ రేట్, ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ వేరువేరుగా ఉంటే మార్చమంటారా వద్దా అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. చదవకుండా నొక్కేస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎవరో సరదాగా తీసిన 60 ఫ్రేముల క్లిప్ ముందు లోపలికి వచ్చి ప్రాజెక్ట్ 60కి మారిపోతే, మిగతా 30 ఫ్రేముల ఫుటేజ్‌లో ప్రతి ఫ్రేమూ రెండుసార్లు కనబడుతుంది. 24, 25 ఫ్రేముల క్లిప్పులైతే ఫ్రేములు సమానంగా పంచుకోక కెమెరా పక్కకి తిరిగే షాట్లలో కుదుపులొస్తాయి. యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్ అన్న టిక్ తీసేసి వేరే రేట్‌తో కొత్త టైమ్‌లైన్ చేసుకోవచ్చు గానీ, అప్పటికే ఎడిట్ సగం అయ్యుంటే అన్నీ మళ్లీ సర్దుకోవాలి. అందుకే ఖాళీ ప్రాజెక్ట్ తెరవగానే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 24, 25, 30 ఏదో ఒకటి ఖాయం చేసి, కెమెరా పట్టుకునే వాళ్లందరికీ ఆ అంకె షాట్ లిస్ట్ మొదటి లైన్‌లోనే రాసివ్వండి. సగం వేగం స్లో మోషన్ కావాలంటే 30 టైమ్‌లైన్, 60 షూటింగ్ అన్న జోడీ ఫోన్లతో తేలిగ్గా కుదురుతుంది.

ఫోన్ ఫుటేజ్ దగ్గర రిజాల్వ్ రెండు విషయాల్లో తడబడుతుంది. ఒకటి, ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేట్‌ని స్థిరంగా ఉంచవు. వెలుతురు తగ్గితే ఫ్రేముల మధ్య ఎడం మారిపోతుంది. క్లిప్ మొదట్లో పెదాలు పాటతో సరిగ్గా కలిసి, చివరికి వచ్చేసరికి జారిపోతున్నాయంటే ముందు దీన్నే అనుమానించండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని క్లిప్పులన్నీ ఒకసారి మార్చేసి, ఆ తర్వాతే రిజాల్వ్‌లోకి తేవాలి. ఎడిట్ మధ్యలో మారిస్తే ప్రయోజనం లేదు. రెండోది హెచ్‌డీఆర్, అంటే వెలుగు నీడల తేడాని మామూలు కన్నా ఎక్కువగా పట్టే వీడియో. ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆన్‌లో ఉండగా తీసినవి మామూలు ప్రాజెక్ట్‌లో తెల్లబారిపోయి, ముఖాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే రంగుల మార్పిడి ఎఫెక్ట్‌తో చాలావరకు దారికొస్తుంది గానీ, షూటింగ్‌కి ముందు కెమెరా సెట్టింగ్స్‌లో ఆ మీట ఆపేయడం అర నిమిషం పని. బ్లాక్‌మ్యాజిక్ వాళ్లే ఇచ్చే ఉచిత కెమెరా యాప్ వాడితే షట్టర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసుకోవచ్చు. వీటికి లాక్ లేకపోతే పాడే మనిషి కిటికీ ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ముఖం రంగు మారుతుంది, దాన్ని తర్వాత ఒక్కో ఫ్రేమ్‌లో దిద్దడం ఎవరి వల్లా కాదు. గదిలో లైట్లు మినుకుమంటుంటే షట్టర్‌ని కరెంటు ఫ్రీక్వెన్సీకి కలపాలి: 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

మ్యూజిక్ వీడియోకి ప్రాణం లిప్ సింక్. రిజాల్వ్ మెచ్చుకోదగ్గ పని చేసేది ఇక్కడే. షూటింగ్‌లో పాటని స్పీకర్‌లో గట్టిగా పెట్టి, ఫోన్ మైక్‌ని ఆపకుండా ఉంచాలి. ఆ గోల చివరి వీడియోలో వినబడదు, కానీ సింక్‌కి అదే ఆధారం. పాడే వాళ్లు పెదాలు మాత్రమే కదపకుండా నిజంగా గొంతెత్తి పాడాలి. మెడ నరాలు, ఊపిరి కదలకపోతే క్లోజప్‌లో ఇట్టే పట్టేస్తారు. తర్వాత మీడియా పూల్‌లో (తెచ్చుకున్న ఫైళ్లన్నీ ఉండే చోటు) అసలు పాట, టేకులు అన్నీ కలిపి ఎంచుకుని మల్టీకామ్ క్లిప్ (చాలా కెమెరాల టేకుల్ని ఒకేచోట కలిపి పెట్టే క్లిప్) చేయమని చెప్పి, యాంగిల్ సింక్ దగ్గర సౌండ్ అని పెడితే అన్నింటినీ శబ్దం గీతల ఆధారంగా కలిపేస్తుంది. కెమెరా ఒక్కటే ఉన్నా సరే. లాంగ్, మిడ్, క్లోజ్ అని మూడుసార్లు పాట మొత్తం తీస్తే అవే మూడు కెమెరాల్లా పనికొస్తాయి. వ్యూయర్‌ని మల్టీకామ్‌కి మార్చి, కింద వీడియో గుర్తు మాత్రమే ఎంచుకుని, పాట ప్లే అవుతుండగా కావాల్సిన యాంగిల్ మీద క్లిక్ చేస్తూ పోవాలి. ప్రతి క్లిక్కూ ఒక కట్. ఎంచుకున్న యాంగిల్ నచ్చకపోతే ఆల్ట్ పట్టుకుని వేరేదాని మీద క్లిక్ చేస్తే కట్ అలాగే ఉండి బొమ్మ మారుతుంది. వీడియో గుర్తు ఎంచుకోవడం మర్చిపోతే పాట కూడా కట్‌తో పాటు మారిపోయి స్పీకర్ గోల వినబడుతుంది. కట్ పేజీ కన్నా ఎడిట్ పేజీలో చేసుకోవడమే ఈ పనికి సుఖం.

ఈ సౌండ్ సింక్ రెండు చోట్ల మోసం చేస్తుంది. కంప్యూటర్‌లో కట్టిన పాటల్లో పల్లవి మూడుసార్లు వస్తే ఆ మూడూ దాదాపు ఒకే గీతలా ఉంటాయి. మీరు పల్లవి ఒక్కటే పదిహేను సెకన్లు తీస్తే, రిజాల్వ్ దాన్ని మూడో పల్లవికి బదులు మొదటి దాని మీద అతికించొచ్చు. చిన్న టేకులకి ముందు "రెండో పల్లవి, మూడో టేక్" అని నోటితో చెప్పి చప్పట్లు కొట్టడం అలవాటు చేసుకుంటే చేత్తో సర్దుకోవడం తేలిక.

రెండోది దూరం. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు, ఆ లోపు శబ్దం వెళ్లేది 14 మీటర్లలోపే. స్పీకర్ పాడే మనిషి పక్కన ఉండి, కెమెరా మైదానం ఆ చివర 28 మీటర్ల దూరంలో ఉందనుకోండి: బొమ్మ వెంటనే అందుతుంది, పాట రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. శబ్దాన్ని చూసి కలిపితే పెదాలు రెండు ఫ్రేములు ముందే కదులుతాయి. క్లిప్‌ని రెండు ఫ్రేములు కుడికి జరిపితే సరి. టైమ్‌లైన్ మీద క్లిప్ ఎంచుకుని ఫుల్‌స్టాప్ కీ కొడితే ఒక ఫ్రేమ్ కుడికి, కామా కొడితే ఎడమకి జరుగుతుంది. స్పీకర్ కెమెరా దగ్గరే ఉంటే కథ తిరగబడుతుంది: మనిషికి పాట ఆలస్యంగా వినబడి పెదాలు వెనకబడతాయి, అప్పుడు ఎడమకి జరపాలి. "ప", "బ", "మ" పలికేటప్పుడు పెదాలు మూసుకుంటాయి కాబట్టి, ఆ అక్షరాలున్న మాట దగ్గర ఆపి చూస్తే తేడా తేటతెల్లంగా తెలుస్తుంది.

పెదాలు పాటతో కలుస్తూనే ఒళ్లంతా నెమ్మదిగా కదిలే స్లో మోషన్ కూడా దీంట్లో చక్కగా వస్తుంది. దానికి షూటింగ్‌లోనే ఏర్పాటు కావాలి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ప్రోగ్రామ్‌లో చేంజ్ టెంపో దగ్గర 100 శాతం ఇస్తే పాట రెండింతల వేగంతో, శృతి మారకుండా తయారవుతుంది. దాన్ని స్పీకర్‌లో పెట్టి 60 ఫ్రేములతో తీసి, రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్‌లోకి వెళ్లి ఫ్రేమ్ రేట్ 30 అని మార్చాలి. ఈ క్లిప్పులకి సౌండ్ సింక్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, చప్పట్ల ఫ్రేమ్ చూసి చేత్తోనే కలపాలి. నాలుగు లైన్లు రెండింతల వేగంతో పాడటానికి సాధన కావాలి కాబట్టి ఆ ఫాస్ట్ పాటని పాడే వాళ్లకి వారం ముందే ఇవ్వండి. మామూలుగా తీసిన క్లిప్‌ని తర్వాత ఆప్టికల్ ఫ్లోతో (మధ్య ఫ్రేముల్ని ఊహించి తయారు చేసే పద్ధతి) సాగదీయొచ్చు, అది ఉచిత వెర్షన్‌లోనూ ఉంది. కానీ వేళ్లు, జుట్టు, గిటార్ తీగెలు ఒకదాని మీదుగా ఒకటి కదిలే చోట బొమ్మ మైనంలా కరిగినట్టు వంకర్లు పోతుంది.

కంప్యూటర్ విషయంలో నిక్కచ్చిగా చెప్పాలి: 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు లేని విండోస్ ల్యాప్‌టాప్ మీద ఇది ఏడిపిస్తుంది. క్రోమ్‌బుక్ మీద అసలు నడవదు. ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 ఫైళ్లు చూడ్డానికి చిన్నవే గానీ, విప్పి చూపించడం యంత్రానికి పెద్ద పని. ముక్కముక్కలుగా ప్లే అవుతుంటే సింక్ ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు. టైమ్‌లైన్ 1080పీకి దించండి, ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ రిజల్యూషన్ సగానికో పావుకో తగ్గించండి, మీడియా పూల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడుకునే తేలికపాటి నకళ్లు) తయారు చేయమని చెప్పి వదిలేయండి. గంట పట్టొచ్చు, కానీ ఆ తర్వాత పాత యంత్రం మీద కూడా ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిపోయిందన్న సందేశం పదేపదే వస్తుంటే కారణం ఎక్కువగా ఫ్యూజన్ టైటిల్సో, 4కే టైమ్‌లైనో అయ్యుంటుంది.

స్కూల్‌లో కొంత, ఇంట్లో కొంత పని చేసుకునే వాళ్లకి ఇంకో గుంట ఉంది. రిజాల్వ్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కనబడే ఫైల్ కాదు, దాని సొంత లైబ్రరీలో దాక్కుని ఉంటుంది. వీడియోలున్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇంటికెళ్తే ఎడిట్ మాత్రం స్కూల్‌లోనే ఉండిపోతుంది. ప్రాజెక్ట్ మేనేజర్‌లో రైట్‌క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తే డీఆర్‌పీ ఫైల్ వస్తుంది. అందులో కట్లు, రంగులు మాత్రమే ఉంటాయి, వీడియోలుండవు. వీడియోలతో సహా కావాలంటే ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేయాలి, అది డీఆర్‌ఏ. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి, ఇంట్లో అప్‌డేట్ నొక్కే ముందు స్కూల్‌లో ఏ వెర్షన్ ఉందో కనుక్కోండి. ప్రిఫరెన్సెస్‌లో లైవ్ సేవ్‌తో పాటు ప్రాజెక్ట్ బ్యాకప్స్ కూడా ఆన్‌లో ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి. రఫ్ కట్ అయ్యాక టైమ్‌లైన్‌ని డూప్లికేట్ చేసి తేదీతో పేరు పెట్టుకుంటూ పోతే, పని ఎలా ఎదిగిందో చూపించే రుజువు దానంతటదే పోగవుతుంది.

రంగుల పేజీలో రిజాల్వ్‌కి సాటి రాగల ఉచిత సాఫ్ట్‌వేర్ లేదు. ఉచితంగా దొరికే ఐమూవీలో అసలు వీడియో మీద ఒక్క పొరే పడుతుంది, మల్టీకామ్ ఉండదు. రంగుల దగ్గరైతే రెండింటికీ పోలికే లేదు. అయితే రెడీమేడ్ లట్ (రంగులన్నీ ఒక్క దెబ్బతో మార్చేసే ఫైల్) వేసేసి సరిపెట్టుకుంటే ఈ పేజీ ఉన్నా లేనట్టే. పొద్దున తీసిన షాట్, సాయంత్రం తీసిన షాట్ పక్కపక్కన పడతాయి గనక ముందు వాటిని కలపాలి. బాగా కుదిరిన ఒక్క షాట్‌ని స్టిల్‌గా పట్టుకుని, మిగతా వాటిని దాని పక్కన సగం తెరగా పెట్టుకుని, మొదటి నోడ్‌లో (రంగు మార్పుల్ని విడివిడిగా ఉంచే ఒక్కో పెట్టె) వెలుతురు, వైట్ బ్యాలెన్స్ మాత్రమే సరిచేయండి. వెక్టర్‌స్కోప్‌లో (బొమ్మలోని రంగుల్ని గుండ్రటి గ్రాఫ్‌గా చూపించేది) చర్మం రంగు గీత ఆన్ చేసుకుంటే, చర్మం ఛాయ ఏదైనా ఆ గీత చుట్టుపక్కలే ఉండాలి. ఆకుపచ్చ వైపు ఒరిగితే ట్యూబ్‌లైట్ ప్రభావం అన్నమాట. వీడియో మొత్తానికీ కావాల్సిన నీలం రంగో, పాతకాలపు పసుపో నోడ్ ఎడిటర్‌లో క్లిప్ బదులు టైమ్‌లైన్ ఎంచుకుని ఒక్క నోడ్‌లో వేయండి. మనసు మారితే ఒక్క చోట మారిస్తే చాలు.

ఉచిత వెర్షన్‌లో లేని వాటిలో మ్యూజిక్ వీడియోకి నిజంగా లోటనిపించేది నాయిస్ రిడక్షన్. రాత్రిపూట వీధి దీపం కింద తీసిన ఫుటేజ్‌లో చిమచిమలాడే చుక్కల్ని తగ్గించే దారి ఇందులో ఉండదు కాబట్టి, రాత్రి సీన్ రాసుకుంటే చిన్న ఎల్‌ఈడీ లైట్ అయినా ముఖం మీద పడేలా ప్లాన్‌లోనే చేర్చండి, లేదా చీకటి పడకముందు మిగిలే అరగంట వెలుతుర్లో తీయండి. మ్యాజిక్ మాస్క్, ఫిల్మ్ గ్రెయిన్ లాంటివి కూడా డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌వే. వాటిలో కొన్ని ఎఫెక్ట్‌లు జాబితాలో కనబడతాయి, లాగి వేస్తే బొమ్మ మీద పెద్ద ముద్ర పడుతుంది. ఆ ముద్ర చూసి సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోయిందని కంగారు పడక్కర్లేదు, ఆ ఒక్క ఎఫెక్ట్ తీసేస్తే పోతుంది. ఫ్యూజన్ జోలికి మాత్రం కోర్స్‌వర్క్ గడువు దగ్గర పెట్టుకుని వెళ్లకండి. గొప్పదే, కానీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. పాట పేరు, బ్యాండ్ పేరు వేయడానికి ఎడిట్ పేజీలోని మామూలు టెక్స్ట్ చాలు.

చివర డెలివర్ పేజీలో ఎంపీ4, హెచ్.264, 1920×1080, బిట్ రేట్ సెకనుకి 15,000 నుంచి 20,000 కిలోబిట్లు, ఆడియో ఏఏసీ అని పెట్టుకుంటే మామూలుగా ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. సింగిల్ క్లిప్ అన్న చోట ఇండివిడ్యువల్ క్లిప్స్ ఎంపికై ఉంటే ఒక్క వీడియోకి బదులు వందకి పైగా ముక్క ఫైళ్లు వస్తాయి. ఎడిట్ చేస్తూ ఎప్పుడో పెట్టిన ఇన్, అవుట్ గుర్తులు మిగిలిపోతే ఆ మధ్య భాగమే రెండర్ అవుతుంది, అందుకని పైన ఎంటైర్ టైమ్‌లైన్ అని ఉందో లేదో చూడాలి. పాట అప్పటికే మాస్టరింగ్ అయ్యుంటుంది కాబట్టి ఫెయిర్‌లైట్‌లో వాల్యూమ్ పెంచొద్దు, మీటర్ సున్నా దాటితే డ్రమ్స్ దగ్గర పగులు వినబడుతుంది. మ్యాక్ మీద ఎక్స్‌పోర్ట్ చేశాక క్విక్‌టైమ్‌లో రంగులు వెలిసినట్టు కనిపిస్తే గ్రేడింగ్ మళ్లీ చేయకండి. అది ప్లేయర్ గామాని (వెలుతురు స్థాయిల అమరిక) చదివే తీరు, వేరే యంత్రం మీద చూసి నిర్ణయించుకోండి. రెండర్ అయిన ఫైల్‌ని ఎడిట్ చేయని ఇంకో కంప్యూటర్‌లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటి ఫ్రేమ్ నుంచి చివరి దాకా ఒక్కసారి ఆపకుండా చూడండి. మీడియా ఆఫ్‌లైన్ అన్న ఎర్ర ఫ్రేమ్ ఎక్కడో ఒక సెకను దాక్కుని ఉంటే అప్పుడే దొరుకుతుంది.